నాన్న చెమట

"రా తల్లీ, అమ్మ వచ్చింది చూడు."

చిన్నీ చేతులు చాచి నిలబడింది. సబ్బుల ఫ్యాక్టరీ నుంచి వచ్చీ రాగానే స్నానాల గదిలోకి పోయి, మోచేతుల దాకా రెండుసార్లు, మెడ వెనక ఒకసారి, మళ్ళీ అనుమానం వచ్చి ఇంకోసారి సబ్బు రుద్దుకుని వచ్చింది. పగలంతా ఆ డ్రమ్ముల మధ్య పని. ఏ పొడి అంటుకుందో, ఏ మందు గోళ్ళ సందున దూరిందో, పాప ఆ వేలు కాస్తా నోట్లో పెట్టుకుంటే? అక్కడ మొదలైన ఆలోచన ఆస్పత్రి మంచం దాకా పోతే గాని ఆగేది కాదు. అందుకని కడుక్కునేది. ఒళ్ళంతా గులాబీ సెంటు గుప్పుమంటోంది.

తొమ్మిది నెలల పాప చిన్నీ అక్క చంకలో ఉంది. అమ్మ చేతుల వంక చూసింది. ముక్కు చిట్లించింది. తల తిప్పేసి, అక్క మెడకీ భుజానికీ మధ్య ఉన్న గుంటలో మొహం దాచుకుంది.

"నిద్రమత్తులో ఉందిలే," అంది అక్క.

"లేచి గంటైందని ఇప్పుడేగా చెప్పావు."

అక్క నవ్వేసి పాపని అందించింది. చిన్నీ చేతుల్లోకి రాగానే పాప విల్లులా వెనక్కి వంగి గుక్కపట్టింది. రెండు కాళ్ళూ పొట్టకేసి తన్నింది. చేతులు అక్కవైపే. చూసి చూసి అక్క మళ్ళీ తీసుకుంది. కొళాయి కట్టేసినట్టు ఏడుపు ఆగిపోయింది. పాప ముక్కు అక్క జాకెట్టు చంక దగ్గర ఆనింది, నిట్టూర్చింది.

అక్క పొద్దస్తమానం కుట్టుమిషను తొక్కుతుంది, కర్టెన్లకి అంచులు కుడుతుంది. చంకల్లో జాకెట్టు తడిసి చారలు కట్టి ఉంది. ఆ వాసన చిన్నీకి తెలుసు. నాన్న పనినుంచి వచ్చి చొక్కా మేకుకి తగిలిస్తే గదంతా నిండిపోయే వాసన. వేడి ఇనుము మీద ఉల్లిపాయ కోసినట్టుండేది. అక్కకి నాన్న కోలమొహం వచ్చింది, చిన్నీకి అమ్మ గుండ్రటి మొహం వచ్చింది, చూసినవాళ్ళు తోడబుట్టినవాళ్ళని నమ్మరు. చెమట మాత్రం ఇద్దరికీ నాన్నదే. బడిలో బెంచీ మీద ఇద్దరి పక్కనా ఒకేలా జాగా వదిలి కూర్చునేవాళ్ళు. అక్క ఆ ఖాళీలో పుస్తకాల సంచీ పెట్టుకునేది. చిన్నీ ఇంటికొచ్చి ఏడ్చేది.

"ఏం మందు పెడుతున్నావే దీనికి?" అంది చిన్నీ. నవ్వుతూ అనాలనుకుంది. నవ్వు రాలేదు.

"ఏం పెడతాను? నువ్వు కాచి పెట్టిపోయిన పాలే."

గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్న మొగుడు అందుకున్నాడు. లిఫ్టు మెకానిక్కు, పొద్దున్నే పోతే చీకటి పడ్డాకే కొంప చేరతాడు. "నీకంటే నేనే నయం. నన్ను చూసి ఏడవడానికి దానికి టైమే దొరకదు. వదినగారి దగ్గర అలవాటు పడటం మంచిదేగా, నువ్వు నిశ్చింతగా పనికి పోవచ్చు."

నిశ్చింతగా! చిన్నీ పాప బట్టలు మడతపెడుతూ అక్కనే చూసింది. తల్లిపాలు మాన్పించి, పాపని చూసుకోవడానికి అక్కని ఇంటికి పిలిపించుకుని, పనిలో చేరి ఆరు వారాలు. ఈ ఆరు వారాల్లో పాప తన దగ్గర ఎన్నిసార్లు నవ్విందో వేళ్ళమీద చెప్పగలదు. ఇంకో రెండు నెలలు పోతే మాటలొస్తాయి. మొదటిసారి 'అమ్మా' అన్నప్పుడు అటు తిరిగి అంటే? అడుగులు అటే వేస్తే? ఆనక బళ్ళో చేర్చేటప్పుడు, అమ్మ ఎవరమ్మా అని టీచరు అడిగితే?

అక్కకి పిల్లల్లేరు. ఆ మాట చిన్నీ ఎప్పుడూ పైకి అనలేదు. ఆ సాయంత్రం నాలుక చివర దాకా వచ్చింది.

*

మర్నాడు ఫ్యాక్టరీలో పొద్దున్నే గొడవ. ఏప్రన్ల కొక్కేలు గోడనుంచి ఊడి, అందరి ఏప్రన్లూ నేలమీద కుప్ప పడ్డాయి. వాటిమీద కుట్టిన నంబర్లు సగం ఏనాడో ఊడిపోయాయి. మూడు రోజులకి ఒకసారి గాని ఉతుక్కు వెయ్యరు, పక్కవాళ్ళ చెమట ఎవరు కట్టుకుంటారు? నాదంటే నాదని ఆడా మగా లాక్కుంటున్నారు.

"ముక్కమ్మని పిలవండ్రా," అన్నారెవరో.

ముక్కమ్మ అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. ఎదురుగా ఉంటే పిన్నిగారు, చాటున ముక్కమ్మ. అద్దాల గదిలో కూర్చుని, ప్రతి డ్రమ్ములోంచీ వచ్చిన సబ్బు ముక్క వాసన చూసి, సెంటు సరిగ్గా కలిసిందో లేదో చెప్పడం ఆవిడ ఉద్యోగం. తలకి నూనె రాయదు, పౌడరు పుయ్యదు, పచ్చి ఉల్లిపాయ తినదు. వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఒక్కొక్క ఏప్రనూ ఎత్తి చంక పట్టీ దగ్గర ముక్కు పెట్టింది.

"ఇది గుమాస్తాది. ఇది బెల్టు దగ్గర పొడుగాయనది, నిన్న బాగా భయపడ్డట్టున్నాడు."

"మేస్త్రీ తిట్టాడు పిన్నిగారూ!"

అందరూ ఘొల్లుమన్నారు. రెండు ఏప్రన్ల దగ్గర మటుకు ఆవిడ ఆగిపోయింది. అది చూసింది, ఇది చూసింది, మళ్ళీ అది చూసింది. చివరికి రెండూ డ్రమ్ము దగ్గర పనిచేసే అన్నదమ్ముల మీదకి విసిరేసింది. "మీవే. ఏది ఎవరిదో మీరే తేల్చుకోండి, నావల్ల కాదు." అన్న గుమ్మం పట్టనంత ఉంటాడు, తమ్ముడు పుల్లలా ఉంటాడు. మళ్ళీ నవ్వులు.

ఆఖరికి ఒకటి మిగిలింది. ముక్కమ్మ మూడుసార్లు వాసన చూసింది.

"ఇందులో మనిషి లేదే! ఒట్టి సబ్బే ఉంది. ఎవరిది?"

"నాది," అంది చిన్నీ. లోపల పొంగిపోయింది. బెంచీ మీద జాగా వదిలి కూర్చున్నవాళ్ళందరూ ఇప్పుడు వచ్చి వినాలనిపించింది. రోజూ పొద్దున్నే అంచు విరిగిన సబ్బు ముక్క తీసుకుని, తడి లేకుండా పొడిగానే చంకల్లో రుద్దుకుని వస్తుందామె. తిండి వేళ మళ్ళీ ఒకసారి. జేబులో చిన్న బట్టలో చుట్టిన ముక్క ఎప్పుడూ ఉంటుంది. ఈ ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఎవరూ తననుంచి దూరం జరగలేదు.

రేపర్లు చుట్టే బల్ల దగ్గర కూర్చుంటే మధ్యాహ్నం దాకా తల ఎత్తే పని లేదు. బెల్టు మీద సబ్బు బిళ్ళ వస్తుంది, అచ్చు పైకి వచ్చేలా కాగితం మధ్యలో పెట్టాలి, ఈ మడత, ఆ మడత, చివరలు లోపలికి, చుక్క జిగురు. మూల విరిగింది కనిపిస్తే కింద బుట్టలోకి. బుట్ట నిండితే అది పనివాళ్ళకే. అరగంట గడిచాక సబ్బు వాసన ఎవరికీ తెలియదు. గులాబీల మధ్య కూర్చుని ఒట్టి గాలి పీల్చుకుంటున్నాం అనుకుంటారంతే.

తిండి వేళ ముక్కమ్మ పక్కన చేరింది చిన్నీ. అడగాలా వద్దా అని నాలుగు ముద్దలు తిన్నాక అడిగింది.

"మా పాప నా దగ్గరికి రావడం లేదు పిన్నిగారూ. ఏమైనా జబ్బంటారా?"

"ఎవరి దగ్గరికి పోతుంది?"

"మా అక్క దగ్గరికి. పొద్దున్నుంచి అదే చూసుకుంటుంది."

ముక్కమ్మ చిన్నీ వైపు వంగి, మెడ దగ్గర గాలి పీల్చింది. "నువ్వు ఆ సబ్బు కొన్నాళ్ళు మానెయ్యి. చంటిపిల్లలకి కళ్ళకంటే ముక్కు ముందు పనిచేస్తుంది. నీ దగ్గర దానికి నువ్వు దొరకడం లేదు."

"చెమట వాసన వస్తుంది కదండీ."

"వస్తే రానీ. కంపెనీవాళ్ళు మాకు శిక్షణ ఇప్పించినప్పుడు ఒక డాక్టరు చెప్పాడు. చెమటకి దానంతటదిగా వాసన ఉండదట. ఒంటి మీద కంటికి కనపడని క్రిములుంటాయి, అవి దాన్ని తిని వాసన చేస్తాయి. వాటికి మన ఒళ్ళు ఏం వడ్డిస్తుందనేది అమ్మా నాన్నల దగ్గరనుంచి వచ్చే జీన్సుని బట్టి ఉంటుందట. కొందరికి చంకల్లో ఎంత చెమట పట్టినా వాసనే రాదు. పుట్టుకే అంత. వాళ్ళ గొప్పా లేదు, మన తప్పూ లేదు."

"అక్కచెల్లెళ్ళకి ఒకటే వస్తుందా?"

"రావాలని లేదు. ముక్కూ మొహం కలిసినట్టే, కలిస్తే కలుస్తుంది. ఆ అన్నదమ్ములని చూశావుగా. మీ అక్కకీ నీకూ..."

"ఇద్దరికీ మా నాన్నదే."

"అయితే ఇంకేం!" అంది ముక్కమ్మ. ఇంకేదో చెప్పబోయింది. ఈలోగా మూడో డ్రమ్ము తయారైందని పిలుపొచ్చి, చెయ్యి కడుక్కోవడానికి లేచింది.

చిన్నీ బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. చేతులు కాగితం మడుస్తున్నాయి. అయితే ఇంకేం? అయితే అక్క ఏ మందూ పెట్టడం లేదు. అక్క దగ్గర ఉన్నది తన దగ్గర కూడా ఉండాల్సిందే. తను సిగ్గుపడి, రుద్ది రుద్ది, చంకలు మండేదాకా కడిగి పారేసినదాన్ని అక్క ఏమీ చెయ్యకుండా, ఊరికే మిషను తొక్కుతూ, పాప ముక్కుకి అందిస్తోంది. సబ్బు మానెయ్యమంటుంది ముక్కమ్మ, ఆవిడకేం? బస్సులో మళ్ళీ పక్క సీటు ఖాళీగా ఉంటే? ఈ బల్ల దగ్గర ఏడుగురూ ముక్కులు మూసుకుంటే? పని మానిపిస్తే? పాపకి పాలెలా?

తను మానక్కర్లేదు. అక్క మొదలుపెడితే చాలు.

ఆ ఆలోచన ఎంత చల్లగా వచ్చిందంటే, అది తనదేనా అని చిన్నీ అటూ ఇటూ చూసింది. తర్వాత వంగి, బుట్టలోంచి మంచివి ఏరి ఆరు బిళ్ళలు కాగితంలో చుట్టింది.

*

"నాకా?" అక్క పొట్లం విప్పి, ఒక్కొక్క బిళ్ళా ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇంత మంచి సబ్బు నాకెందుకే? నీళ్ళూ ముతక తువ్వాలూ చాలవూ?"

"రోజంతా చెమటతో దాన్నెత్తుకుంటున్నావు కదక్కా. చంటిది. చెమటకాయలు లేస్తే, చీము పడితే, ఎవరు పడతారు?"

అక్క మొహం మారింది. "కంపు కొడుతున్నానా?"

చిన్నీ పాప లాగు మడత సరిచేసింది. "అంతగా ఏం లేదులే."

అక్క రెండు మోచేతులూ పక్కలకి దగ్గరగా అదుముకుంది. చిన్నీ చూసింది. బళ్ళో తను నిలబడినట్టే నిలబడింది అక్క. అక్క అలా నిలబడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"చంకల్లో పొడిగా కూడా రుద్దుకో," అంది చిన్నీ. "నేనలాగే చేస్తా."

పొద్దున పనికి బయల్దేరేసరికి అక్క తలారా స్నానం చేసి వచ్చింది. ఇల్లంతా గులాబీ. చెప్పులు వేసుకుంటూ చిన్నీ వెనక్కి చూసింది. పాప అక్క చంకలో ఉండి, అక్క భుజం దగ్గర ముక్కు ఆనించి, తల వెనక్కి తీసి, అక్క మొహంలోకి చూస్తోంది. ఎవరు నువ్వు అన్నట్టు.

చిన్నీకి గొంతులో తియ్యగా ఏదో దిగింది. సందు మలుపు తిరిగేలోగా ఆ తీపి వెనకే భయం కూడా దిగింది.

ఆ రోజు నాలుగు బిళ్ళలకి అచ్చు కిందికి పెట్టి చుట్టింది. మేస్త్రీ కేకలేశాడు. మూడింటికి గేటు మనిషి వచ్చి ఫోనని పిలిచాడు.

"పాప పాలు ముట్టడం లేదే." అక్క గొంతు గుర్తుపట్టలేనట్టుంది. "పొద్దుటినుంచి చుక్క పోలేదు. నా దగ్గర ఉండదు, కింద ఉండదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నాకు చేతులాడటం లేదే, రావే."

బస్సులో కూర్చుని మనసులో ఎన్ని చూసిందో చిన్నీ! తెల్లగుడ్డ చూసింది, చిన్న పెట్టె చూసింది, మొగుడు గోడకి తలానించి నిలబడటం చూసింది. ఇంటికొచ్చేసరికి పాప బతికే ఉంది. ఎర్రగా ఉబ్బిన మొహంతో చాప మీద కూర్చుని, శబ్దం రాని ఏడుపు ఏడుస్తోంది. అక్క జుట్టు ఊడిపోయి ఉంది, జాకెట్టంతా ఒలికిన పాలు. చిన్నీ పాపని లాక్కుంది. పాప వెనక్కి వంగింది. అక్క చేతులు చాస్తే ఆమెనుంచీ వెనక్కి వంగింది. ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది, బస్టాండులో తప్పిపోయిన పిల్ల ఎదురొచ్చే వాళ్ళ మొహాలు చూసినట్టు.

ఆస్పత్రిలో బెంచీ మీద కూర్చున్నంతసేపూ ఇద్దరూ పాపని మార్చుకుంటూనే ఉన్నారు. ఈ చేతుల్లోనూ గులాబీ, ఆ చేతుల్లోనూ గులాబీ. పక్కనున్న ముసలాయన, "మీ ఇద్దరి దగ్గరా భలే వాసనమ్మా, పూల కొట్టా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

డాక్టరు గొంతు చూసింది, చెవులు చూసింది, పొట్ట నొక్కింది. "జ్వరం లేదు. రెండు పళ్ళు వస్తున్నాయి. దేనికో బెంగపెట్టుకున్నట్టుంది. కొత్తవాళ్ళెవరైనా వచ్చారా ఇంటికి? చెంచాతో పట్టండి, రాత్రికీ తాగకపోతే మళ్ళీ తీసుకురండి."

కొత్తవాళ్ళెవరూ రాలేదని చెప్పింది అక్క. చిన్నీ చీటీ అందుకుని ముందు గుమ్మం దాటింది.

దీపాలు పెట్టే వేళకి మొగుడు వచ్చి, గ్రీజు చేతులు కడుక్కుని, పాపని మోకాలి మీద కూర్చోబెట్టుకుని చెంచాతో పాలు పట్టాడు. ఆరు చెంచాలు పోయాయి, ఏడోది ఉమ్మింది. అలిసిపోయి అతని చొక్కా పట్టుకుని నిద్రపోయింది. చిన్నీ వంటింట్లో సీసా కడుగుతూ ఉంటే పక్కగదిలో సంచీ జిప్పు తీసిన చప్పుడైంది.

అక్క చీరలు మడతపెట్టి సంచీలో సర్దుతోంది.

"ఎక్కడికి?"

"ఇంటికే. రేపు పొద్దున్నే పోతాను." అక్క తల ఎత్తలేదు. "నా చెయ్యి మంచిది కాదే. ఏం చేశానో నాకే తెలియదు. పాలు ఎక్కువ కాచానా, సీసా సరిగ్గా కడగలేదా? నిన్నటిదాకా మెడ వదిలేది కాదు. ఇవాళ నన్ను చూసి జడుసుకుందే. జడుసుకుంది! దాని కళ్ళు నువ్వు చూడలేదు."

ఊరుకుంటే సరిపోయేది. అక్క వెళ్ళిపోయేది. ఆరు వారాలుగా చిన్నీ కోరుకున్నది ఇదే. ఆ కోరిక సంచీలో మడతలు పడుతూ కళ్ళముందే సర్దుకుంటోంది. కానీ పాప మళ్ళీ లేస్తుంది. లేచి ఎవరికోసం వెతుకుతుంది?

"సబ్బు వల్ల," అంది చిన్నీ.

"ఏ సబ్బు?"

"నేనిచ్చింది. అది రుద్దుకుంటే పాప నీ దగ్గరికి రాదని తెలుసు నాకు. తెలిసే ఇచ్చాను."

ముక్కమ్మ చెప్పిందంతా చెప్పింది. క్రిములు, జీన్సు, అన్నదమ్ముల ఏప్రన్లు, నాన్న. చెప్తూ ఉంటే గొంతు చిన్నదైపోయింది. అక్క మంచం అంచు మీద కూర్చుని వింది. చేతిలో చీర సగం మడతలో ఆగిపోయింది.

"దానికేమైనా అయ్యుంటే?" అంది చివరికి.

తిడుతుందనుకుంది చిన్నీ. చెంపమీద కొడితే బావుండుననుకుంది. అక్క ఆ చీర మడత విప్పింది. లెక్క తేలనివాళ్ళు మళ్ళీ మొదటినుంచి చూసుకుంటున్నట్టు, నెమ్మదిగా మాట్లాడింది.

"అంటే... అది నా మెడ పట్టుకుని పడుకున్నన్నాళ్ళూ... నిన్ను పట్టుకున్నానని పడుకుందన్నమాట."

ఆ మాట ఎవరైనా అంటే వినాలని ఎంత తపించింది చిన్నీ! వినేసరికి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్క మొహంలో కనిపిస్తున్నదేమిటో ఆమెకి బాగా తెలుసు. ఇన్నాళ్ళూ రోజూ సాయంత్రం గుమ్మంలో చేతులు చాచి నిలబడి తను మోసినదే అది.

"నన్నే పట్టుకుందనుకున్నాను," అంది అక్క. లేచి, సంచీలోంచి చీరలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ అలమరలో పెట్టింది. పాపకి తనవాళ్ళు దొరికేదాకానైనా ఉండాలి కదా అని గోడతో అన్నట్టు అంది.

*

మర్నాడు సెలవు. ఇద్దరూ ఒట్టి నీళ్ళతో స్నానం చేశారు. పొద్దున మొగుడు బయటికి పోయేముందు అతని చేత్తో పాప సగం సీసా తాగింది. అతను పోగానే మళ్ళీ దిగాలుగా చాప మీద కూర్చుని గిన్నె మూతతో నేలని కొడుతోంది. ఎవరూ ఎత్తుకోబోలేదు.

అక్క మిషను దగ్గర కూర్చుంది. చిన్నీ వెనకనుంచి పొడుగాటి కర్టెను గుడ్డని జారకుండా అందిస్తోంది. ఎండ కిటికీలోంచి దిగి గోడని వేడెక్కించింది. ముందు నుదురు తడిసింది, తర్వాత మెడ, తర్వాత వీపు. చిన్నీ మోచేతులు వాటంతటవే పక్కలకి అంటుకుపోయాయి, తన ఇంట్లోనే, తన అక్క దగ్గరే. గుడ్డ అందించాలంటే చెయ్యి ఎత్తక తప్పదు. ఎత్తింది. నాన్న గదిలోకి వచ్చి చొక్కా విప్పినట్టైంది. ఆ వాసన అక్కనుంచి వస్తోందో తననుంచి వస్తోందో తెలియలేదు.

రేపు పాపకీ ఇదే వస్తుందేమో. ఈడొచ్చాక, బళ్ళో, బెంచీ మీద... ఆ భయం ఎప్పటిలా బయల్దేరింది. ఇవాళ మటుకు దాని వెంట చివరిదాకా పోయే ఓపిక లేకపోయింది ఆమెకి.

ఒక అంచు పూర్తైంది. అక్క దారం తెంపి, రెండో వైపు తిప్పమని గుడ్డంతా చిన్నీ ఒళ్ళోకి తోసింది. అప్పుడు గిన్నె మూత చప్పుడు ఆగింది.

పాప పాకుతూ వస్తోంది. నేలమీద అరచేతులు టపటపా కొడుతూ వచ్చి, ఇద్దరికీ మధ్యలో ఆగింది. అక్క పాదాలు తొక్కుడు బల్లమీద ఆగిపోయాయి. చిన్నీ పిలవలేదు. అక్క పిలవలేదు. పాప మొహం పైకెత్తి అటు చూసింది, ఇటు చూసింది. కళ్ళతో తేలలేదు కాబోలు, నోరు కొంచెం తెరిచి, ముక్కు ఎగబీల్చింది.

తర్వాత చిన్నీ మోకాలు పట్టుకుంది. కర్టెను గుడ్డని గుప్పిళ్ళతో లాగుతూ ఒళ్ళోకి ఎక్కి, చంక కింద ముక్కు దూర్చి, గట్టిగా ఒక ఊపిరి వదిలింది. ఆ చిన్న ఒళ్ళు క్షణంలో బరువెక్కింది.

వచ్చేసింది అక్కా, అని నాలుక మీదికి వచ్చింది చిన్నీకి. మింగేసింది. కదిలితే పోతుందేమోనని భయం, తలమటుకు ఎత్తి చూసింది.

అక్క నవ్వుతోంది, ఫొటోకి నిలబెడితే నవ్వినట్టు. "చూశావా? అమ్మ దగ్గరికే పోయింది. ఎక్కడికి పోతుంది మరి?" అంది. అని మిషను మీదికి వంగింది.

"ఇలా వచ్చి పక్కన కూర్చో అక్కా. దాని వీపు మీద చెయ్యి వెయ్యి."

"ఉండవే, సాయంత్రానికి ఇచ్చెయ్యాలి ఇవి. ఈ అంచు కాస్తా అయిపోనీ."

అక్క పాదాలు కదిలాయి. మిషను గడగడా నడుస్తోంది. కర్టెను మొత్తం చిన్నీ ఒళ్ళో, పాప కింద నలిగిపోయి ఉంది. సూది కింద గుడ్డ లేదు.